వరద సంచీ కోసం కొన్న వ్యాక్యూమ్ సీలర్: ఏడాది దాటి వాడాక

ముందే చెప్పేస్తున్నా. వేయించిన పల్లీలు, ఎండు కొబ్బరి, ఎండు రొయ్యలు, ఒరుగులు లాంటి ఎండు సరుకు దాచుకోవడానికైతే కవర్లోంచి గాలి లాగేసి అతికించే ఈ మిషన్ కొనుక్కోవచ్చు. వండిన చికెనో పనీరో ప్యాక్ చేసి ఫ్రిజ్ బయట పెట్టుకుందామని కొనే ఆలోచన ఉంటే మాత్రం దయచేసి ఆగండి. దాని గురించి కింద వివరంగా రాశాను, మిగతాదంతా వదిలేసినా ఆ ఒక్క ముక్కా చదివి వెళ్లండి.

మాది విజయవాడ, సింగ్ నగర్ వైపు. 2024 సెప్టెంబరు 1 ఆదివారం పొద్దున లేచేసరికి బుడమేరు వాగు నీళ్లు వీధిలోకి వచ్చేశాయి, మధ్యాహ్నానికి కింద వాటా సగం మునిగింది. వంటగది, గ్యాసు, బియ్యం, పప్పులు అన్నీ కిందే. నేను, మా ఆయన, మా అబ్బాయి, నాన్న, నలుగురం పై గదుల్లో నాలుగు రోజులు ఉన్నాం. కరెంటు లేదు. పడవల్లో వచ్చి, ట్రాక్టర్ల మీద వచ్చి, కొన్ని చోట్ల డ్రోన్లతో, హెలికాప్టర్లతో కూడా తిండి పొట్లాలు అందించారు. ఛాతీ లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చి పొట్లం పైకి విసిరిన కుర్రాళ్ల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే, వాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. వేలమందికి ఒకేసారి వండి పంచాలంటే పులిహోరే కుదురుతుంది, చింతపండు వల్ల పూటంతా పాడవదు, చేత్తో తినేయొచ్చు. దాంతో పాటు బ్రెడ్డు, బిస్కెట్లు, పాల ప్యాకెట్లు.

కానీ నాన్నకి పద్నాలుగేళ్లుగా షుగరు. డాక్టరు గారు చెప్పినట్టు అన్నం బాగా తగ్గించి, గుడ్లు, కూరలు, పల్లీలు, మజ్జిగ ఇలా తింటూ పరగడుపు షుగరు 130 దగ్గర నిలబెట్టుకుంటున్న మనిషి. వంద గ్రాముల అన్నంలో 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది, ఒక పులిహోర పొట్లం మూడు వందల గ్రాములు అనుకుంటే ఒక్కదానికే 80 దాటిపోతుంది. అలా రోజుకి రెండు, మధ్యలో బిస్కెట్లు. పోనీ తినకుండా ఉందామంటే ఆయన వేసుకునే మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉంది, అది వేసుకుని ఖాళీ కడుపుతో ఉంటే షుగరు పడిపోతుంది. తింటే ఒక భయం, తినకపోతే ఇంకో భయం. నాలుగో రోజు పొద్దున మీటరు 318 చూపించింది. నాన్న ఆ అంకె చూసి ఏమీ అనలేదు, మీటరు తిప్పి పక్కన పెట్టేసి కిటికీలోంచి నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ రోజే అనుకున్నా. వరదలో వచ్చే తిండి మన చేతిలో లేదు, అది ఎప్పుడొచ్చినా అన్నమే, బ్రెడ్డే, బిస్కెట్టే. అందుకని షుగరు ఉన్న ఇంట్లో అటక మీద ఒక సంచీ ఉండాలి. అందులోది పొయ్యి లేకుండా, ఫ్రిజ్ లేకుండా, నీళ్లు కలపకుండా తినగలిగేదై ఉండాలి, కార్బ్స్, అంటే పిండి పదార్థం, తక్కువ ఉండాలి, నెలల తరబడి నిలవ ఉండాలి. ఈ మిషన్ కొన్నది దానికోసం.

ఇక మిషన్ సంగతి. ఆన్‌లైన్లో 2,600 రూపాయలు పెట్టి 2024 నవంబరులో కొన్నాను. ఇదే మిషన్ రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, పెట్టె మీద బొమ్మ కూడా అదే, అందుకే పేరు రాయడం లేదు. మూరెడు పొడవు కూడా ఉండదు, మూత తెరిచి కవరు అంచు లోపల పెట్టి రెండు పక్కలా టక్కుమనేదాకా నొక్కితే గాలి లాగేసి, తర్వాత వేడి తీగతో అంచు అతికిస్తుంది. పావుకిలో పల్లీల కవరుకి పది, పదిహేను సెకన్లు పడుతుంది. మామూలు పాలిథీన్ కవర్లు పనికిరావు, లోపలి వైపు గరుకు గీతలున్న ప్రత్యేకమైన కవర్లే కావాలి, ఎందుకంటే ఆ గీతల సందుల్లోంచే గాలి బయటికొస్తుంది. కవరు ఒక్కోటి 12, 15 రూపాయలు పడుతుంది, రోల్ కొని మనం కత్తిరించుకుంటే కాస్త తగ్గుతుంది. ఆ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు, మిషన్ ధర ఒక్కటే చూసి కొంటాం, ఏడాదిలో కవర్లకే దాదాపు అంత అయింది నాకు.

పల్లీలతో మొదలుపెట్టాను. బాగా వేయించి, పూర్తిగా చల్లారాక, పొట్టు తీయకుండానే ప్యాక్ చేశా. వేడి మీద ప్యాక్ చేస్తే లోపల చెమ్మ పడుతుంది, అది గుర్తుంచుకోండి. పల్లీల్లో సగం నూనె, గాలి తగిలితే ఆ నూనె కనరెక్కుతుంది, మామూలు డబ్బాలో మా ఎండలకి రెండు నెలలకే ఆ వాసన తెలిసిపోతుంది. గాలి తీసిన కవరు ఆరు నెలల తర్వాత, అంటే మే నెల ఎండలు దాటాక విప్పితే నిన్న వేయించినట్టు ఉన్నాయి, కరకరలాడాయి. కవరు మీద ఒక్కో గింజ ఆకారం తేలి, ఇటుకలా గట్టిగా ఉంటుంది, కత్తెరతో మూల కత్తిరించగానే స్స్ అని గాలి పీల్చుకుని గింజలు వదులైపోతాయి. ఆ శబ్దం వచ్చిందంటే సీలు నిలిచినట్టే. విప్పకముందే కవరు వదులుగా తగిలితే అది ఎక్కడో గాలి పీల్చింది, దాన్ని వెంటనే వాడేయండి. ఇంకో మాట, నల్లబడ్డవి, ముడుచుకున్నవి, బూజు జాడ ఉన్నవి ముందే ఏరేయాలి. పల్లీల బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది కాలేయానికి చేటు, వేయించినంత మాత్రాన పోదు.

ఎండు కొబ్బరి కూడా అంతే బాగా వచ్చింది. చిప్పలుగా పెడితే మధ్యలో ఖాళీ ఉండి అంచులు కవరుని కోస్తాయి, ముక్కలుగా తరిగి పెట్టుకోండి. బాదం, గుమ్మడి గింజలు, ఏవైనా సరే గొడవ లేదు.

పొడుల దగ్గర మొదటిసారి ఇబ్బంది పడ్డా. అవిసె గింజల పొడి, నువ్వుల పొడి, కరివేపాకు కారం, ఇవన్నీ లో కార్బ్ తినేవాళ్లకి ప్రాణం, ఉడికిన గుడ్డు మీదో నెయ్యిలో కలుపుకునో తింటే నోటికి రుచి ఉంటుంది. కానీ గాలి లాగేటప్పుడు పొడి కూడా లేచి వచ్చి అతుకు పడాల్సిన చోట కూర్చుంటుంది, అక్కడ సీలు నిలవదు, పైగా మిషన్ లోపలికి కారం పోతుంది. పొడిని ముందు పల్చటి కాగితం పొట్లంలో మడిచి, ఆ పొట్లాన్ని కవర్లో పెడితే సరిపోయింది. నిజం చెప్పాలంటే పొడులకి ఈ మిషన్ అక్కర్లేదు. కిరాణా కొట్లలో వాడే మామూలు కవరు సీలింగ్ మిషన్ వెయ్యి రూపాయల్లో వస్తుంది, దాంతో మందపాటి కవరు అతికించి, లోపల ఆక్సిజన్ పీల్చే చిన్న పొట్లం ఒకటి వేస్తే చాలు. ఆ పొట్లంలో ఇనప రజను ఉంటుంది, అది తుప్పు పడుతూ కవర్లోని ఆక్సిజన్ని తీసేసుకుంటుంది. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం వేరు, అది చెమ్మని మాత్రమే పీలుస్తుంది, ఒకటి అనుకుని ఇంకోటి వేయకండి.

ఎండు చేపలు ఈ మిషన్‌తో నేను ఓడిపోయిన సరుకు. ఎండు మెత్తళ్లు శుభ్రంగా తలలు తీసి, వేయించి, చక్కగా ప్యాక్ చేసి అటక మీద పెట్టా. మూడో రోజుకి ఇల్లంతా వాసన. గాలి లాగినప్పుడు కవరు బిగుసుకుని ముల్లు గుచ్చుకుంది, కంటికి కనపడని చిల్లు పడింది. రెండోసారి కాగితంలో చుట్టి పెట్టినా ఆరు కవర్లలో రెండు అలాగే పోయాయి. ఎండు రొయ్యలు మాత్రం అద్భుతం. తల, తోక తీసి, చెమ్మ పోయేలా దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి కూడా విడిగా తడి లేకుండా వేయించి కచ్చాపచ్చాగా దంచి ప్యాక్ చేశాను. పాతిక గ్రాముల్లో 15 గ్రాముల దాకా ప్రొటీన్, కార్బ్స్ దాదాపు లేవు. మా అబ్బాయి దాన్ని ఉత్తినే చెంచాతో తినేస్తాడు, ఉప్పు ఎక్కువ, వద్దురా అని నేను లాక్కోవాలి. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఎండు చేప, ఎండు రొయ్య జోలికి పోకుండా డాక్టర్ని అడిగి వేరే చూసుకోండి.

మా వదిన వాళ్లది హన్మకొండ. మా సంచీ కథ విని ఆవిడ వాళ్లింట్లో చేసే ఒట్టి తునకలు పంపింది. పొట్టేలు మాంసాన్ని పొడుగు ముక్కలుగా కోసి ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద రోజుల తరబడి ఎండబెట్టినవి, చేతిలో పట్టుకుంటే చెక్క ముక్కల్లా ఉంటాయి. ఫ్రిజ్‌లు లేని రోజుల్లోనే మన పెద్దవాళ్లు మాంసాన్ని నెలల పాటు నిలవబెట్టారు, దాన్నే ఇప్పుడు బయట ప్యాకెట్లలో వందలు పోసి వేరే పేర్లతో కొంటున్నాం. ఇవి మిషన్లో ప్యాక్ చేయడానికి ఎంతో అనువు, అంచులు కాస్త నున్నగా కత్తిరించుకోవాలి, అంతే. కాకపోతే వేడినీళ్లలో నానబెట్టి, ఉడికించి తినాలి. కాబట్టి పొయ్యి పెట్టుకునే క్యాంపింగ్‌కి సరే, వరద సంచీకి కాదు. కాకర ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు కూడా అంతే, నూనెలో వేయిస్తే రెండు నిమిషాల్లో కూర తిన్నట్టు ఉంటుంది, ఆకుకూరలు దొరకని చోట ఆ పీచు చాలా అవసరం. పచ్చి కూరగాయ లేకుండా రెండు రోజులు గింజలూ చేపలూ తిని చూడండి, మలబద్ధకం ఏంటో తెలుస్తుంది. మేం ఇసబ్గోల్ పొట్లాలు రెండు వేసుకుంటాం.

ఇప్పుడు అసలు విషయం. మిషన్ పెట్టె మీద చికెన్ ముక్కలు, చేప ముక్కలు, వండిన కూర బొమ్మలు వేసి, ఆహారం అయిదు రెట్లు ఎక్కువ కాలం నిలవ ఉంటుందని రాశారు. ఫ్రిజ్‌లో, డీప్ ఫ్రీజర్‌లో అన్న మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. గాలి తీసేయడం అంటే క్రిముల్ని చంపడం కాదు. కొన్ని క్రిములకి గాలి లేకపోవడమే కావాలి, క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అలాంటిది. వండిన మాంసం, ఉడికిన గుడ్డు, పనీరు, నూనెలో నానేసిన పచ్చి వెల్లుల్లి, ఇలాంటి తడి ఉండి పులుపు తక్కువ ఉన్న వాటిని గాలి తీసి బయట ఉంచితే అది పెరిగి నరాలని పడగొట్టే విషం తయారుచేస్తుంది. చూస్తే తెలియకపోవచ్చు, వాసన రాకపోవచ్చు. కంపెనీలు రిటార్ట్ పౌచుల్లో అమ్మే కూర ఫ్రిజ్ లేకుండా నిలవ ఉంటుంది కదా అనుకోవచ్చు, కానీ వాళ్లు సీలు చేశాక ఆ పౌచుని ఒత్తిడి పెట్టి 121 డిగ్రీల దాకా వేడి చేస్తారు. మన ఇంటి మిషన్ అతికిస్తుంది, అంతే. నేను మొదటి నెలలో చికెన్ వేపుడు ప్యాక్ చేసి సంచీలో పెట్టేద్దామని కవరు కూడా కత్తిరించాను, మా ఆయన ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తారు, ఆయన చూసి ఆపారు. ఆ రోజు ఆపకపోతే నేను నాన్నకి ఏం పెట్టి ఉండేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి గురించి చాలామంది అడుగుతారు. ఉప్పు, నిమ్మరసం, నూనె ఉంటాయి కాబట్టి కూర కంటే నయమే, కానీ ఇంట్లో చేసిన దాంట్లో ముక్క లోపలిదాకా పులుపు ఎంత పట్టిందో కొలవలేం. ప్రయాణానికి తీసుకెళ్లినా మేం చేసిన వారం లోపే తినేస్తాం, నెలల తరబడి ఉండే సంచీలో పెట్టం. ఈ మిషన్లో అసలు కుదరదు కూడా, నూనె అంచుకి పాకి అతుకు జారిపోతుంది. నెయ్యి కూడా మూత గట్టిగా ఉండే చిన్న స్టీలు డబ్బాలోనే పెట్టుకోండి.

మాంసం కావాలంటే టిన్ను చేప ఉంది. ట్యూనా టిన్ను 185 గ్రాములది, రెండు మూడేళ్ల గడువు ఉంటుంది, నీళ్లలోది గానీ నూనెలోది గానీ, 30 గ్రాముల చుట్టూ ప్రొటీన్, కార్బ్స్ సున్నా. రింగు లాగితే ఊడే మూత ఉన్నదే కొనండి, చీకట్లో ఓపెనర్ వెతుక్కునే పని ఉండదు. ఉబ్బిన టిన్ను, అతుకు దగ్గర నొక్కుకుపోయిన టిన్ను పారేయండి.

కిందటేడు డిసెంబరులో వంజంగి వెళ్లాం, పాడేరు పక్కన, తెల్లారుజామున మబ్బులు సముద్రంలా కింద పరుచుకునే చోటు. నాన్నని కూడా తీసుకెళ్లాం, కొండ ఎక్కలేదు, కింద టెంటు దగ్గరే ఉన్నారు. నాకు ఆ ట్రిప్పు సరదాతో పాటు సంచీకి పరీక్ష కూడా. రెండు రోజులు బయట ఏమీ కొనకుండా ఇవే తినాలని ముందే అనుకున్నాం, ఎందుకంటే ఎప్పుడూ తినని తిండి మొదటిసారి వరదలోనే తిని చూడటం మంచిది కాదు, కడుపుకి పడుతుందో లేదో ముందే తెలియాలి.

ఒక మనిషికి ఒక రోజు పొట్లం ఇలా కట్టాను. పల్లీలు వంద గ్రాములు, బాదం యాభై, ఎండు కొబ్బరి యాభై, నువ్వుల పొడి ముప్పై, నెయ్యి ముప్పై, రొయ్యల పొడి పాతిక, ట్యూనా టిన్ను ఒకటి. లెక్క కడితే దాదాపు 1,900 కేలరీలు, 85 గ్రాములు దాటి ప్రొటీన్, పీచు తీసేస్తే పిండి పదార్థం 20 గ్రాముల చుట్టూ. బరువు అర కిలోకి అటూ ఇటూ. అవే కేలరీలు వండిన అన్నంతో రావాలంటే కిలోన్నర దాకా మోయాలి. వీపు మీద సంచీ మోసేవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది, కొవ్వు గ్రాముకి 9 కేలరీలు ఇస్తుంది, పిండి పదార్థం 4 ఇస్తుంది, లో కార్బ్ సంచీ తేలిగ్గా ఉండేది అందుకే.

పొద్దున అయిదింటికి టెంటులో కాఫీలో కలుపుకుందామని కొబ్బరి నూనె సీసా తీస్తే తెల్లగా మైనంలా గడ్డకట్టి ఉంది. విజయవాడలో అది ఎప్పుడూ నీళ్లలా ఉండేది కాబట్టి మూతి సన్నగా ఉన్న సీసాలో పోసుకొచ్చా. 24 డిగ్రీల కింద గడ్డకట్టే నూనె అని తెలిసి కూడా తట్టలేదు. నాన్న ఆ సీసాని శాలువా లోపల చంకలో పెట్టుకుని పావుగంట కూర్చున్నారు, అప్పుడు అంచుల వెంట కరిగి ఒక్కో చుక్కా జారింది. చలి ప్రదేశాలకి వెళ్లేవాళ్లు వెడల్పు మూతి డబ్బా, ఒక చెంచా పెట్టుకోండి.

గుడ్ల విషయంలో ఒకటి నేర్చుకున్నాం. ఉడికించి తీసుకెళ్తే ఆ పూటకే, పచ్చివైతే ఇంకా నయం, కడగకుండా ప్లాస్టిక్ ట్రేలో పెట్టుకెళ్తే ప్రయాణమంతా నిలుస్తాయి, అక్కడే ఉడకబెట్టుకోవచ్చు. పక్క టెంట్ల వాళ్లు మ్యాగీ చేసుకుంటున్నారు, మా అబ్బాయి కళ్లు అటే. పెరిగే పిల్లాడికి కార్బ్స్ మానిపించే పని నాకు లేదు, వాడికి మ్యాగీ కొనిచ్చాం. రాత్రికి అక్కడివాళ్లు చేసిన బొంగులో చికెన్ కనిపించేసరికి బయటేమీ కొనకూడదన్న నియమం పక్కన పెట్టేశాం. వెదురు బొంగులో, నూనె చుక్క లేకుండా, ఆకులు మూతపెట్టి నిప్పుల మీద కాల్చింది, నాన్నకి అంతకంటే మంచి భోజనం ఇంకోటి లేదు. రెండో రోజు పొద్దున మీటరు 124. నాన్న నా చేతిలో పెట్టి, "చూడమ్మా, ఇంట్లో కంటే ఇక్కడే బాగుంది" అన్నారు. నడక కూడా కలిసొచ్చి ఉంటుంది.

ఒక లోటు మాత్రం గట్టిగా తెలిసింది, నీళ్లు. ఇవన్నీ ఎండు తిండి, ఉప్పు తిండి, దాహం ఎక్కువ వేస్తుంది. మనిషికి రోజుకి మూడు లీటర్లు పెట్టుకుంటేనే ఈ సంచీకి అర్థం ఉంది, నీళ్లు లేకుండా ఇది తినకండి. సంచీలో ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా పెట్టాం. అందులో గ్లూకోజు ఉంది కదా, షుగరు ఉన్నవాళ్లకి వద్దేమో అని కొందరు తీసేస్తున్నారు, అలా చేయకండి. లీటరుకి 13.5 గ్రాములే, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆ గ్లూకోజు ఉంటేనే పేగు ఉప్పునీ నీటినీ పీల్చుకోగలదు. అలాగే అరచేతిలో పట్టేంత పంచదార పొట్లం ఒకటి, లో కార్బ్ సంచీ అయినా సరే. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ఉన్నట్టుండి కార్బ్స్ మానేస్తే షుగరు పడిపోవచ్చు, చెమటలు, వణుకు మొదలైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి పదిహేను నిమిషాలకి మళ్లీ పరీక్ష చేసుకోవాలి. నాన్న డాక్టరు గారితో ముందే మాట్లాడి, ఇలాంటి రోజుల్లో ఏ మాత్ర సగం చేయాలో కాగితం మీద రాయించుకుని సంచీలో పెట్టాం. మీరు నా పొట్లం చూసి కట్టుకోండి గానీ మాత్రలు నన్ను చూసి మార్చకండి.

కొనుక్కొచ్చే వాటి గురించి కూడా రెండు మాటలు. కార్బ్స్ బాగా తక్కువని చెప్పడానికి కీటో అని రాసి అమ్మే బార్లు కొన్ని తెచ్చి చూశాం, వెనక చదివితే పంచదార బదులు తీపి కోసం వేసే మాల్టిటాల్ ఉంది, అది షుగరు కొంత పెంచుతుంది, పైగా ఎక్కువ తింటే కడుపు వదులవుతుంది. నీళ్లు లేని ఇంట్లో, ఒకే బాత్రూము ఉన్న మేడ మీద ఆ పరిస్థితి ఎవరికీ రాకూడదు. షుగర్ ఫ్రీ బిస్కెట్లలో పంచదార లేదు, మైదా ఉంది. ఫూల్ మఖానా తేలిగ్గా ఉంటుంది కాబట్టి డైట్ తిండి అనుకుంటారు, దాంట్లో మూడొంతులు పిండి పదార్థమే. కొర్రలు, రాగులు అయినా నూటికి 60 నుంచి 70 గ్రాములు ఉంటాయి, పీచు ఎక్కువ కాబట్టి బియ్యం కంటే నయం, కానీ లో కార్బ్ కాదు. పుట్నాలు కూడా సగం దాకా పిండి పదార్థమే, చారెడు తింటే పర్లేదు, డబ్బా నిండా నమ్ముకోకూడదు.

మళ్లీ మిషన్‌కి వస్తే, ఎనిమిదో నెలలో చుట్టూ ఉండే మెత్తటి రబ్బరు అణిగిపోయి గాలి లాగడం తగ్గింది. అమ్మినవాళ్లకి రాస్తే జవాబు రాలేదు, విడిగా 180 పెట్టి కొని వేసుకున్నా, ఇప్పుడు బాగానే ఉంది. వాడాక మూతకి గొళ్లెం పెట్టి దాచకండి, రబ్బరు అణిగేది దానివల్లే. వరసగా అయిదారు కవర్లు చేస్తే తీగ వేడెక్కి కవరు కరుగుతుంది, మధ్యలో ఒక నిమిషం ఆగాలి. ఇది కరెంటు మిషన్ కాబట్టి తుపాను కబురు వచ్చాక మొదలుపెడితే లాభం లేదు. కవర్లని ఎలుకలు కొరికేస్తాయి, మేం అన్నీ పాత స్టీలు బియ్యం డబ్బాలో పెట్టి అటక ఎక్కించాం. ప్రతి కవరు మీదా మార్కర్‌తో తేదీ రాస్తాం, ఆరు నెలలకి విప్పి ఇంట్లో తినేసి కొత్తవి కడతాం.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు మాకు ముందు రోజు నుంచే టెన్షన్. సాయంత్రమే డబ్బా కిందకి దించాం. రాత్రి కరెంటు పోయింది, నీళ్లు మాత్రం ఈసారి ఇంట్లోకి రాలేదు. అయినా నాన్న టార్చి వెలుగులో ఒక పొట్లం విప్పించుకుని, పల్లీలూ కొబ్బరీ నములుతూ రేడియో పెట్టుకుని కూర్చున్నారు. పక్కింటి పిన్నిగారు ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పాడైపోతుందేమోనని కంగారుపడుతూ వస్తే, మట్టి ముంతలో పెట్టి ముంతని తడి ఇసకలో కూర్చోబెట్టి ఇచ్చాం. వెళ్తూ వెళ్తూ ఆవిడ డబ్బా వైపు చూసి, నాకూ ఒకటి కట్టిపెట్టవా అమ్మాయ్ అన్నారు. ఆవిడ పూర్తి శాకాహారి, కాబట్టి రొయ్యలూ ట్యూనా తీసేసి ఆ చోట వేయించిన సోయా గింజలు, గుమ్మడి గింజలు ఎక్కువ వేస్తున్నా. మీల్ మేకర్‌లో ప్రొటీన్ ఎక్కువే గానీ దానికి నానబెట్టడానికి నీళ్లు, ఉడకబెట్టడానికి పొయ్యి కావాలి, అందుకే వద్దనుకున్నాం. సోయా గింజలు రాత్రి నానబెట్టి ఆరబెట్టాను, ఈ ఆదివారం వేయించి ప్యాక్ చేయాలి.